మూడు చేతుల మనిషి

అరవైల చివర్లో శ్రీకాకుళంలో మా వీధి చివరి ఇంట్లోకి బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబం దిగింది. ఆ ఇంటావిడ దగ్గర నేను కుట్టుపని నేర్చుకునేదాన్ని. రంగూన్‌ను మావాళ్లు రంగం అనేవారు. అక్కడ వాళ్లు చీనావాళ్ల వీధిలో ఉండేవారట. మిషను తొక్కుతూ ఆవిడ ఆ కబుర్లు చెప్పేది.

"సిల్లర దొంగల్ని ఆళ్లు సామ్‌జెక్‌సౌ అంటారే. మూడు సేతులోడని. రెండు సేతులూ కనిపిస్తాయి, మూడోది మన జేబులో ఉంటాది."

ఆ వారమే మా వరండాలోని ఇత్తడి గ్లాసు కనిపించలేదు. పొద్దున వచ్చి వెళ్లింది చేపలమ్మే ఆమె ఒక్కతే. సముద్రపొడ్డు ఊరి నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చేది. మర్నాడు ఆమె తట్ట దించగానే "సామ్‌జెక్‌సౌ వచ్చిందమ్మోయ్!" అని లోపలికి కేకేశాను.

"ఏటమ్మా అది?"

"నీకు పెట్టిన పేరు."

పడీపడీ నవ్వింది.

నాలుగు రోజులకు గ్లాసు దొరికింది. గడ్డం గీసుకోవడానికి నీళ్లు తీసుకెళ్లిన నాన్న పెరటి గోడమీద వదిలేశారు. అప్పటికే పేరు వీధంతా పాకిపోయింది. అందరూ అలాగే పిలుస్తుంటే ఆమె మురిసిపోయేది.

ఒకరోజు నేను కుట్టు దగ్గరుండగా చేపలామె బర్మా ఆవిడ గుమ్మంలో కూర్చుని అడిగింది.

"అక్కా, ఈ పాప నాకెట్టిన పేరు మీ రంగంలో మాటంట గదా. అర్థమేటి?"

మిషను ఆగింది. ఆవిడ నావైపు చూసింది. నేను సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను.

"మూడు సేతుల మనిషని," అందావిడ నెమ్మదిగా. "నువ్వు సేసే పనికి రెండు సేతులు సాలవు గదా, అందుకని."

"నిజిమే అక్కా! మంచాన పడ్డ మావని సూసుకోవాల, పిల్లల్ని సూసుకోవాల, ఈ తట్ట మొయ్యాల!" అంటూ దోసెడు నెత్తళ్లు ఆకులో పెట్టి నా చేతికిచ్చింది. డబ్బులు వద్దంది.

ఆమె వెళ్లాక బర్మా ఆవిడ, "ఆ మాట నీకు సెప్పడం నాదే తప్పు," అంది. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి చేపలామెను అక్కా అని పిలిచాను. రెండు మూడుసార్లు చూసి చిన్నబుచ్చుకుంది.

"ఏటమ్మా, నా పేరు మానేసినావు? కోపమొచ్చినాదా?"

నిజం చెబుదామని నోరు తెరిచాను. "లేదు," అన్నాను.

"అయితే పిలువు."

పిలిచాను. పెళ్లయి బొబ్బిలి వెళ్లేదాకా ఆమెను దొంగా అని పిలుస్తూనే ఉన్నాను. ఆమె నవ్వుతూ పలుకుతూనే ఉంది.