వసుంధరక్క ఇచ్చిన ఇనుప ముక్క

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. ఇన్నేళ్లూ మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో కనెక్టికట్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తుండేదాన్ని. మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో వసుంధరక్క ఉండేది. విశాఖలో హిస్టరీ లెక్చరర్‌గా చేసిన మనిషి. ఇక్కడ భర్త వీసా మీద ఉంది కాబట్టి ఉద్యోగం చేయడానికి లేదు. శనివారాలు నన్ను పిలిచి అన్నం పెట్టేది. మిగతా రోజులన్నీ ఊరి లైబ్రరీలోనే.

ఆమె వెతికేది ఒక టంకశాల కోసం. అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో కొన్ని రాష్ట్రాలు తమ రాగి నాణేలు తామే కొట్టించుకున్నాయట. వాటిలో కొన్ని ఎక్కడ తయారయ్యాయో ఎవరికీ సరిగ్గా తెలియదు. పాత భూమి పత్రాలు, ఉత్తరాలు చదివీ చదివీ, ఒక రకం మేమున్న ఆ ఊరి వాగు పక్కనున్న పాడుబడ్డ మిల్లులోనే కొట్టారని అక్క తేల్చుకుంది. ఊరి చరిత్ర సంఘం పెద్దలు మర్యాదగా నవ్వి ఊరుకున్నారు. చీర కట్టుకున్నావిడ వచ్చి తమ ఊరి సంగతి తమకే చెప్పడమేమిటని కాబోలు.

ఓనర్‌ని అడిగి ఆ మిల్లు గోడ కూలిన చోట తవ్వితే, గుప్పెడంత ఇనుప ముక్క దొరికింది. నాణేలు కొట్టే అచ్చేమోనని ఆమె ఆశ. తుప్పు కింద అక్షరాలుంటే రుజువు దొరికినట్టే. పాత తువ్వాలులో చుట్టి నా చేతిలో పెట్టింది.

మా ప్రొఫెసర్‌కి చెప్పకుండా ల్యాబ్‌కి తీసుకెళ్లాను. పల్చటి యాసిడ్‌లో ముంచాను. కాసేపటికి తుప్పు వదిలి మూడు అక్షరాలు కనిపించాయి, అద్దంలో చూసినట్టు తిరగబడి. అచ్చు మీద అక్షరాలు అలాగే ఉంటాయి.

అప్పుడే ఫోటో తీయాల్సింది. కనీసం కాగితం మీద గీసుకోవాల్సింది. ఎందుకు ఆగలేకపోయాను? అచ్చు మీది మాట మొత్తం శుభ్రంగా చూపించి అక్కని సంతోషపెట్టాలనా, లేక దాన్ని బయటికి తెచ్చింది నేనేనన్న పొగరా? యాసిడ్ ఘాటు పెంచి మళ్లీ ముంచి, జూనియర్లకి క్లాస్ చెప్పడానికి వెళ్లాను. క్లాసయ్యాక డౌట్లడిగిన వాళ్లతో కబుర్లలో పడ్డాను. తిరిగొచ్చేసరికి దాని ముఖమంతా గుంటలు. ఒక్క అక్షరం లేదు.

అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమైందమ్మా?"

"ఏం లేదక్కా. మామూలు ఇనుమే. ఏ బండి ముక్కో అయ్యుంటుంది."

"అక్షరాలు? ఒక్కటైనా?"

"లేవక్కా."

దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసింది. "పోనీలే. నీకు శ్రమ ఇచ్చాను" అంది. కాఫీ కలపడానికి లోపలికెళ్లి చాలాసేపు రాలేదు.

నిజం చెబితే అక్క నా పేరు సంఘంలో చెబుతుందని, అది ప్రొఫెసర్ దాకా వెళ్తే పర్మిషన్ లేకుండా ల్యాబ్ వాడినందుకు నన్ను పంపించేస్తారని భయపడ్డాను. ఇన్నాళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. మరి డిగ్రీ చేతికొచ్చాక ఎందుకు చెప్పలేదు? ఆమె దృష్టిలో తెలివైన పిల్లగానే ఉండిపోవాలనుకున్నాను. అసలు కారణం అదే.

సంఘంలో చదవాల్సిన వ్యాసాన్ని అక్క వెనక్కి తీసుకుంది. లైబ్రరీకి వెళ్లడం మానేసింది. నేను శనివారాలు భోజనానికి వెళ్తూనే ఉన్నాను.

ఎనభైల మధ్యలో అదే మిల్లు దగ్గర ఇంకెవరో తవ్వితే అచ్చు దొరికింది. పేపర్లో ఆయన ఫోటో వేశారు. అప్పటికి అక్కవాళ్లు అరిజోనా వెళ్లిపోయారు. ఎవరో చెబితే తెలిసి నాకు ఫోన్ చేసింది. "చోటు నేను చెప్పిందేనే, నాకు దొరికిన ముక్కే సరైంది కాదు" అని చిన్నపిల్లలా సంబరపడింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా. "అవునక్కా" అన్నాను.

మరుసటేడు క్యాన్సర్‌తో పోయింది.

ఆమెకి దొరికింది అచ్చే. అందరికంటే ముందు కనిపెట్టింది ఆమే. దాన్ని పాడుచేసి అబద్ధమాడింది నేను. క్షమించడానికి ఆమె లేదు, ఆమె బదులు ఇంకెవరు క్షమించినా నాకొద్దు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.