రెండు పేటల గొలుసు

మొన్న కారు సర్వీసింగ్‌కు ఇస్తే, మెకానిక్ చూసి “టైమింగ్ చైన్ సాగింది మేడమ్, మార్చాలి” అన్నాడు. నాకు ఫక్కున నవ్వొచ్చింది. అతను బిత్తరపోయాడు. సాగిన చైన్‌లో నవ్వడానికి ఏముందో చెప్పాలంటే ముందు మా మేనమామ గురించి, ఆయన నల్ల టాక్సీ గురించి చెప్పాలి.

ఎనభైల చివరి మాట. నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చి, నల్గొండలో మామ వాళ్లింట్లో ఉండేదాన్ని. ఆయన టాక్సీకి నలుగురు ఎక్కి, వెనక ఒక బియ్యం బస్తా పడితే చాలు, ఎత్తు ఎక్కడానికి ఆయాసం వచ్చేది. ఒకసారి పెళ్లికొడుకును తీసుకెళ్తుంటే చౌటుప్పల్ దాటాక చడావు ఎక్కలేక ఆగిపోయింది. పెళ్లివారంతా దిగి తోశారు. కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని పెళ్లికొడుకూ తోశాడు. ఆ అవమానం మామ మరచిపోలేదు. “కామ్ షాఫ్ట్ మార్చుదాం. వాల్వులు తెరిచి మూసేది గదే. జర గట్టిది ఏస్తే బండి గుంజుతది” అని టాక్సీ బాగుచేసే షెడ్డు మిస్త్రీ సలహా ఇచ్చాడు. హైదరాబాదు నుంచి కొత్త షాఫ్టు వచ్చింది. తీరా ఇంజన్ విప్పితే, షాఫ్టును తిప్పే టైమింగ్ చైన్ కాస్తా సాగిపోయి ఉంది. అది ఒంటి వరుసది. కొత్త షాఫ్టుకు అది ఆగదని, రెండు వరుసలది, దానికి తగ్గ పళ్ల చక్రాలు కావాలని మిస్త్రీ తేల్చాడు.

మర్నాడు మధ్యాహ్నం మా బడికి మామ ఫోన్ చేశాడు. “మీ అత్తమ్మకు చెప్పు, రెండు పేటల చైన్ చూస్తున్న, ఇంటికొచ్చేసరికి ఆలస్యమైతది.” నేను ఇంటికి రాగానే ఉన్నదున్నట్టు చేరవేశాను. పెళ్లయిన కొత్తలో రెండు పేటల బంగారు గొలుసు చేయిస్తానని మామ మాటిచ్చాడనీ, ఆ మాటకు పదకొండేళ్లు నిండాయనీ నాకేం తెలుసు?

అత్తమ్మ చేతిలో పని అక్కడే వదిలేసింది. మొహం కడుక్కుని, పుట్టింటివాళ్లు నేసిచ్చిన పట్టుచీర కట్టుకుంది. “పా, మనం లేకుంటె గా మనిషి తక్కువ రకం తెస్తడు” అంది. వాకిట్లో కనిపించిన ముగ్గురికి ఎక్కడికి పోతున్నామో చెప్పింది. ముందు షెడ్డుకు పోయి మామను వెంటబెట్టుకుని, అటునుంచి కంసాలి దగ్గరికి పోవాలని ఆమె లెక్క.

షెడ్డులో మామ మోచేతుల దాకా నల్లటి నూనెతో, గోనెపట్టా ముందు కూర్చుని ఉన్నాడు. పట్టా మీద రెండు చైన్లు.

“గిదేంది, పట్టుచీర? ఎవరి పెండ్లి?” అన్నాడు.

“గొలుసేది?”

“గివే. రెండూ రెండు పేటలవే. ఏది తీసుకోమంటవు?”

అందరికంటే ముందు మిస్త్రీయే సంగతి గ్రహించి, తల ఇంజన్‌లో దూర్చేశాడు. అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. “పదకొండేండ్లకు గిదా?” అంది. అప్పటికి మామకూ అర్థమైంది. “రేపు పెండ్లి బేరం ఉన్నదే. మళ్ల పెండ్లికొడుకుతోని తోపియ్యాల్నా?” అన్నాడు దీనంగా.

అత్తమ్మ కళ్లు తుడుచుకుని, కొంగు దోపుకుని చైన్లు అందుకుంది. మామ మనసు పడింది తళతళలాడే దాని మీద. ఆమె ఒక్కొక్కదాన్నీ పక్కకు తిప్పి, రెండు చేతులతో అడ్డంగా పట్టుకుంది. జిడ్డు పట్టి మాసినట్టున్నది నిటారుగా నిలిచింది. తళతళలాడేది మధ్యలో కిందికి వంగింది.

“గిది సాగిన పాతది. గ్యాసునూనెల కడిగి కొత్తదని ఇచ్చిండ్రు. మగ్గం మీద పడుగు దారం సాగితే మా చేతులకు తెల్వదా?”

మిస్త్రీ బయటికొచ్చి, తనూ పట్టుకుని చూసి, “సచ్ బాత్ చెల్లె. నేను మెరుపు చూసి మోసపోయిన” అన్నాడు.

మర్నాడు బండి పెళ్లికొడుకుతో సహా చడావు చకచకా ఎక్కేసింది. వాకిట్లో ఆడవాళ్లు మాత్రం గొలుసు చూపించమని పట్టుబట్టారు. “తెచ్చిండు. కారు మెడల ఏసిండు” అంది అత్తమ్మ, లోపల అన్నం తింటున్న మామకు వినబడేటట్టు. బంగారుది ఇంకో ఏడేళ్లకు వచ్చింది. కంసాలి చేతిలోంచి తీసుకుని, దాన్నీ పక్కకు తిప్పి అడ్డంగా పట్టుకుని చూసిందట!

ఆ రోజు షెడ్డులో అత్తమ్మకు ముప్పై రెండేళ్లు. నా కళ్లకు ఎంతో పెద్దావిడ. నా కూతురికి ఇప్పుడు ముప్పై నాలుగు నిండాయి, రోడ్డు దాటేటప్పుడు ఇంకా దాని చెయ్యి పట్టుకోబోతాను.