తిన్నగా పుట్టిన చేపలు

చేపల పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ స్కేలమ్మ అనేవారు. వాగులో వల వేయడం, పడ్డ చేపను స్కేలు మీద పెట్టి కొలవడం, తిరిగి నీళ్ళలో వదలడం, ఇరవై రెండేళ్ళుగా ఇదే ఆమె పని. వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టాక పైచేపలు పైనే, కింది చేపలు కిందే ఉండిపోయాయి. పైన మిగిలినవి కొద్ది. వాటిలో అవే జతకట్టగా కట్టగా, వెన్ను వంకర తిరిగినవీ, మొప్పల మీద మూత లేనివీ పుట్టసాగాయి. గుడ్లు సగానికి సగం తెల్లబడి కుళ్ళిపోయేవి.

“అన్నీ ఒక్క తల్లి పిల్లలైపోయాయి సార్. కిందనుంచి ఓ నలభై తెచ్చి వదిలితే కోలుకుంటాయి,” అని పెద్దసారు దగ్గర మొత్తుకుంది.

“నువ్వు కొలిస్తే చాలు. ఆలోచించడానికి మేమున్నాం,” అన్నాడాయన.

మూడేళ్ళు ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. లాభం లేక, ఒక సెలవురోజు పొద్దున్నే వ్యాను నడిపే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, నలభై చేపల్ని డ్రముల్లో పైకి చేరవేసింది.

“ఉద్యోగం ఊడుతుందక్కా!”

“ఊడితే నీ వ్యానెక్కి ఊరంతా తిరుగుతాలే. ముందు ఆ డ్రము ఒలకనీకు.”

రెండో ఏడు వలలో పడ్డ పిల్లలు బాణాల్లా తిన్నగా ఉన్నాయి. కొలుస్తూ కొలుస్తూ కళ్ళు తుడుచుకుంది స్కేలమ్మ. సంతోషం పట్టలేక, మెచ్చుకుంటాడన్న ఆశతో పెద్దసారుకు జరిగిందంతా చెప్పేసింది.

ఆయన మొహం మాడిపోయింది. “పైవాగు చేప స్వచ్ఛమైన జాతనే కదా మన కేంద్రానికి పేరు! దాన్ని కల్తీ చేశావా? నువ్వే ఏరి పారెయ్.”

“నా చేతుల్తో చెయ్యను సార్.”

ఆమెను స్టోరుకు మార్చి వేరేవాళ్ళను వాగులో దింపారు. ఏది కల్తీదో వాళ్ళకేం తెలుసు? “తిన్నగా ఉంటే తీసెయ్యండి,” అన్నాడు పెద్దసారు. వారం రోజులపాటు చలాకీగా ఈదేవాటినల్లా పట్టి గట్టున పోశారు. వంకరవాటిని మాత్రం పదిలంగా నీళ్ళలో వదిలారు.

ఐదేళ్ళకు పైవాగులో చేపన్నదే లేకుండా పోయింది. ఎండలు ముదరడమే కారణమని రిపోర్టు రాశారు. దాని నకలు స్టోరులో భద్రపరచడానికి స్కేలమ్మ చేతికే వచ్చింది. నిలబడే చదివి, తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఎండలకు పోయాయటరా! ఆనకట్ట కింద మాత్రం ఎండ కాయలేదు కాబోలు.”

నవ్వబోయింది. నవ్వు రాక, ఫోన్ పెట్టేసి రిపోర్టును ఫైల్లో పెట్టింది.