ఎల్‌కేజీ గదిలో కొలువు బొమ్మలు

తొంభైల చివర్లో తిరుచానూరు రోడ్డులో, ఒక అద్దె ఇంట్లో నడిచే బడిలో నాకు టీచరు ఉద్యోగం దొరికింది. ఐదో తరగతి దాకా ఉన్న ఆ బడికి ఆ ఏడాదే కొత్తగా ఎల్‌కేజీ పెడుతున్నారు. జూన్‌లో బడి తెరిచేలోగా గది సిద్ధం చేసే పని నాది. గది అని పేరే గానీ, అది ఆ ఇంటివాళ్ళు ఒకప్పుడు స్కూటర్లు పెట్టుకున్న షెడ్డు. నేలమీది నూనె మరకలు సోడాపొడి వేసి రుద్దితే సగం పోయాయి, మిగతా సగం మీద చాపలు పరిచాను. గోడలకు నీలం రంగు కలిపి సున్నం కొట్టించారు. పళ్ళ చార్టు, పక్షుల చార్టు తగిలించాను. అయినా అది షెడ్డు లాగే ఉంది.

చిన్నపిల్లలు చేతుల్తో నేర్చుకుంటారని ట్రైనింగులో మాకు చెప్పి చెప్పి అరగదీశారు. ఆ ముక్క పట్టుకుని బొమ్మలు కావాలని కరస్పాండెంటును అడిగాను. “బొమ్మలా? పిలకాయలు రెండ్రోజుల్లో ఇరగ్గొట్టి పారేస్తారు మేడం. చార్టులుండాయి కదా, సాలు,” అన్నాడాయన. నాకు ఒళ్ళు మండింది. బొమ్మల్లేని ఎల్‌కేజీ ఏం ఎల్‌కేజీ అని ఇంటికొచ్చి గొణిగాను. గొణుగుతుంటే అటక మీది ట్రంకు పెట్టె కనబడింది.

అది మా అత్త దసరా కొలువు బొమ్మల పెట్టె. చిత్తూరు పక్క పల్లెలో ఉన్నప్పుడు ఏటా మెట్లు కట్టి, ఊరందరినీ పిలిచి పెట్టేది. తిరుపతికి మారాక ఇల్లు చాలక పెట్టె అటకెక్కింది. అడిగితే ముందు కస్సుమంది. “దసరాకు తప్ప ఆ పెట్టి తెరవకూడదు. నీకేమన్నా మతి పోయిందా?” బడంటే సరస్వతి ఇల్లే కదత్తా అని నేను వల్లె వేశాక మెత్తబడింది. కానీ షరతులు పెట్టింది. దేవుళ్ళను పెట్టెలోంచి తీయకూడదు. మిగతా బొమ్మలను తనే వచ్చి పద్ధతిగా పెడుతుంది.

పద్ధతిగా అంటే ఏమిటో నేను ఆలోచించలేదు. బెంచీల మీద బెంచీలు పేర్చి ఐదు మెట్లు కట్టించింది. మామయ్య తెల్ల పంచె ఉతికి తెచ్చి పరిచింది. పప్పుల గిన్నెలు ముందేసుకున్న మట్టి శెట్టిని, శెట్టమ్మను నడిమెట్టున కూర్చోబెట్టింది. పైన చెక్క రాజా రాణి, కింద పాములవాడు, ఆవూ దూడా, మట్టి మామిడిపళ్ళు. గుమ్మం ముందు ముగ్గు కూడా వేసింది. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే బొమ్మల్ని వేరేగా ఎట్లా పెట్టాలో నాకూ తెలియదు. సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు, దూరం జరిగి చూసుకుని మురిసిపోయాను.

బడి తెరిచే ముందురోజు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని గది చూడటానికి వచ్చారు. అందరూ చెప్పులు బయట వదిలారు. ఒక అవ్వ తన చెంగులోంచి కుంకుమ తీసి శెట్టమ్మకు బొట్టు పెట్టింది. దూడను పట్టుకోబోయిన పిల్లవాడి చేతిమీద వాళ్ళమ్మ ఒకటిచ్చింది. “తాకొద్దురా, కండ్లు పోతాయి!” ఇవి ఆడుకోవడానికేనండీ, తీసుకోనివ్వండి అని నేను వెంటపడి చెప్పాను. నేను సరదాకి అంటున్నాననుకుని వాళ్ళు నవ్వారు. ఒక్క పిల్లా ఒక్క బొమ్మను ముట్టలేదు. మా అత్త మాత్రం కొలువు చూడవచ్చినవాళ్ళను ఉత్తచేతుల్తో పంపకూడదని శనగ గుగ్గిళ్ళు చేసుకొచ్చి, అందరికీ దోసిట్లో పెట్టింది. కరస్పాండెంటు ఉబ్బిపోయాడు. “గుడి మాదిరి సేసినారు మేడం!” అన్నాడు. కాదండీ అనాల్సింది. నవ్వి ఊరుకున్నాను.

అప్పుడు ముగ్గు అవతల ఒకామె పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉండటం చూశాను. ఎక్కడో చూసిన మొహం. ఆమే ముందు గుర్తుపట్టింది. “చిన్నమ్మా, నువ్వా! నువ్వు ఈడ పంతులమ్మవా?” పల్లెలో మా అత్తవాళ్ళ కొట్టంలో పేడ తీసి, ఆవులకు మేత వేసిన మనిషి. ఇప్పుడు తిరుచానూరులో ఒక లాడ్జిలో దుప్పట్లు మార్చే పని చేస్తోందట. కూతుర్ని చేర్పించడానికి వచ్చింది.

“లోపలికి రా,” అన్నాను. ఆమె కళ్ళు నన్ను దాటి మెట్ల మీదికి పోయాయి.

“మీ ఇంటి బొమ్మలు గదమ్మా ఇవి. శెట్టి, శెట్టమ్మ... మేము వాకిట్లో నిలబడి సూసేవాళ్ళం.” పిల్లను కొంచెం వెనక్కి లాగింది. “పిలకాయలు ఆడుకునే బడి అని సెప్తే వచ్చినా. ఇది పూజ మాదిరి ఉండాదే. మాకు సరిపడదులేమ్మా, ఇంకో బడి సూసుకుంటా.”

మా అత్త ఆమె గొంతు విని గుగ్గిళ్ళ గిన్నెతో గుమ్మంలోకొచ్చింది. నిజంగానే సంతోషపడింది. “ఏమే, బాగుండావా? ఎన్నాళ్ళయింది నిన్ను సూసి! పిల్ల అప్పుడే ఇంతయిందా?” అంటూనే గరిటె నిండా తీసింది. ఆమె తన కొంగు చాపి పట్టింది. మా అత్త చెయ్యి పైకి లేచింది, గుగ్గిళ్ళు పైనుంచి కొంగులో పడ్డాయి. అప్పటిదాకా అందరి దోసిళ్ళలోనూ పెట్టిన చెయ్యి అదే. గదిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. పల్లెలో పెళ్ళయిన కొత్తలో రెండు దసరాలు ఆ వాకిట్లో అట్లా పైనుంచి వేసింది నేనే కాబట్టి, నాకూ అనిపించి ఉండేది కాదేమో. అనిపించింది మాత్రం నేను సిద్ధం చేసిన గది గుమ్మం దాకా వచ్చి ఒక పిల్ల వెనక్కి పోతోంది గనక. తల కొట్టేసినట్టయింది.

గబగబా వెళ్ళి నడిమెట్టు మీది శెట్టమ్మను తీసుకున్నాను. వెనక ఎవరో “అయ్యో, మేడం!” అన్నారు. గుమ్మం దాటి, ముగ్గు తొక్కుకుంటూ పిల్ల దగ్గరికి పోయాను. “ఇదిగో, తీసుకో. ఆడుకో.”

పిల్ల తల్లి మొహం చూసింది. తర్వాత రెండు చేతులూ కలిపి, బాగా కిందికి దించి దోసిలి పట్టింది. నాలుగేళ్ళ పిల్లకు ఎంత దించాలో తెలుసు. నా చెయ్యి ఆ దోసిలికి జానెడు పైన ఆగిపోయింది. మట్టిబొమ్మను అంత ఎత్తునుంచి ఎవరైనా వదులుతారా? నేనూ వదలను. అయినా చెయ్యి దానంతట అదే అక్కడ ఆగింది. నేను ఆపలేదు. చదువుకున్నదాన్ని, ట్రైనింగయినదాన్ని, ఇదంతా పాతకాలపు మా అత్త సంగతి అనుకున్నదాన్ని, నా చెయ్యి నాకే కనబడి సిగ్గుతో చచ్చిపోయాను.

మోకాళ్ళ మీద కూర్చుని బొమ్మను ఆ చేతుల్లో పెట్టాను. నా వేళ్ళు పిల్ల అరచేతికి తగిలాయి. పిల్ల ఉలిక్కిపడి తల్లివైపు తిరిగింది.

“నేను తాకలేదుమా. ఆయమ్మే తాకింది.”

గదిలోవాళ్ళందరికీ వినబడింది. మా అత్త గిన్నెలోకి చూస్తూ నిలబడింది. తల్లి మాత్రం నవ్వింది, పిల్ల తల నిమిరి, “ఏం కాదులే, లోపలికి పో,” అంది. పిల్ల శెట్టమ్మను పొట్టకు హత్తుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ వేసి, పోయి చాప మీద కూర్చుంది.

“నువ్వూ రా,” అన్నాను.

ఆమె కొంగులో గుగ్గిళ్ళు జారకుండా ముడేసుకుంటూ, “పిల్ల పొయ్యింది గదమ్మా, సాలు,” అంది.

ఇంకోసారి రమ్మనడానికి నాకు మొహం చెల్లలేదు.