అక్క ఊయల ఎంచుకున్న రోజు

మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఫాంహౌసుల వాళ్ళ కోసం వెలిసిన ఊయలల దుకాణం ఒకటి ఉంది. ఈమధ్య ఒకరోజు అందులోకి అడుగు పెట్టగానే జనుప తాడు వాసన గుప్పుమంది. టేకు పాలిషు, కొత్త దిండ్ల బట్ట, ఇత్తడి గొలుసులకు పట్టించిన నూనె, ఇన్ని వాసనలున్నా తాడు వాసన నాకు విడిగా తెలుస్తుంది. అది తగిలితే ఇప్పటికీ పోగులు ఊడాయేమోనని తాడు తడిమి చూస్తాను.

మా యాదమ్మక్క చేవెళ్ళలో కొత్త ఇల్లు కట్టుకుంది. ముందు వసారాలో ఊయల ఉండాలని ఆమె ముచ్చట, కొనిపెడతానన్నది నేను. ఎడమ కాలు ఈడ్చుకుంటూ అక్క ఒక్కొక్క ఊయల దగ్గరా ఆగి, చేత్తో నిమిరి, కూర్చుని చూస్తోంది. గుడ్డు ఆకారంలో వేలాడే పేము ఊయల, పచ్చికలో నిలబెట్టే గొడుగు కప్పు ఇనుప ఊయల, నాలుగు గొలుసుల టేకు పీట. నేను మాత్రం ఎంత బరువు ఆగుతుందని దుకాణం అతణ్ణి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాను.

"నలుగురు కూసున్నా ఏం గాదు మేడం. స్లాబుకు బోల్టులు గొట్టి ఇస్తం, ఫికర్ జేయకుండ్రి" అన్నాడతను.

అక్క నవ్వింది. "నువ్వేందే సరూపా, ఊయలల ఏనుగును కూసోవెడ్తవా?"

నాకు నవ్వు రాలేదు. నలభై ఏళ్ళ కిందటి శ్రావణం కళ్ళ ముందుకొచ్చింది.

అప్పుడు మేము కనకమామిడిలో ఉండేవాళ్ళం. నాగుల పంచమి వస్తోందంటే ముందు రోజు నుంచే ఇల్లంతా వేయించిన నువ్వుల కమ్మదనం, రోట్లో బెల్లంతో దంచిన ముద్దలు, పెంక మీద చిటపటమని ఎగిరిపడే జొన్న ప్యాలాలు, రాత్రంతా నానిన శనగలు, పొద్దున లేచి కడుక్కుంటే ఎర్రగా పండి మట్టి వాసన వేసే గోరింటాకు చేతులు. పుట్టలో పాలు పోసి వచ్చాక ఊళ్ళోని ఆడవాళ్ళంతా చెట్లకు కట్టిన ఊయలల దగ్గర చేరేవారు. ఏడాది పొడుగునా నాట్లూ కలుపులూ తప్ప మరో మాట లేని, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ కూడా ఆ రోజు చీర దోపుకుని, కొమ్మలకు తల తగిలేంత ఎత్తుకు ఊగి పకపకా నవ్వేది.

ఆ ఏడు బాపు మా పెరటి వేపచెట్టుకు బావి నీళ్ళు తోడిన పాత జనుప మోట తాడుతో ఊయల కట్టాడు. అక్కకు పన్నెండేళ్ళు, నాకు తొమ్మిది. "తాడు పాతది. ఒక్కొక్కలే ఊగుండ్రి, ఇద్దరు ఎక్కితే తెగుతది" అని గట్టిగా చెప్పి చేను దిక్కు పోయాడు. అక్క ఊగుతోంది. నా వంతు ఎంతకీ రావడం లేదని ఉడుక్కుని, ఊయల వెనక్కి వచ్చినప్పుడు పీట మీదికి ఎక్కేసి, అక్కకు రెండు వైపులా కాళ్ళు పెట్టి నిలబడ్డాను. "దిగే, తెగుతది!" అని అక్క అరుస్తోంది. నేను మోకాళ్ళు వంచి ఇంకా గట్టిగా ఊపాను. చెవి పక్కనే తాడు పోగులు పటపటమన్న చప్పుడు విన్నాను. అక్క వెళ్ళి చెట్టు పక్కనున్న బట్టలుతికే బండ మీద పడింది. నేను అక్క మీద పడ్డాను.

బాపు పరుగున వచ్చేసరికి అక్క తొడ పట్టుకుని మెలికలు తిరుగుతోంది, నాకు గీరుకున్న గీత కూడా లేదు. "ఇద్దరు ఎక్కుమని ఎవలు జెప్పిండ్రే?" అని బాపు నా మీద చెయ్యెత్తాడు.

"అక్కనే ఎక్కుమన్నది" అన్నాను.

అక్కను బండి మీద చేవెళ్ళ దవాఖానకు తీసుకుపోయారు. నన్ను ఆ రోజే కొండకల్‌లో అమ్మమ్మ ఇంటికి పంపారు. నెల తర్వాత తిరిగి వచ్చేసరికి అక్క కాలు పిండికట్టులో ఉంది. ఎముక అతుక్కుంది కానీ కాలు పొట్టిదయింది. మొయినాబాద్ పెద్ద బడికి నడవలేక ఏడో తరగతితో చదువు ఆపేసి ఆమె కుట్టు మిషను ముందు కూర్చుంది. నేను ఉద్యోగం దాకా చదివాను.

బాపు మాత్రం నేనన్న ఆ మాట మరచిపోలేదు. చెల్లెని సంపబోయిందని వచ్చిన చుట్టానికల్లా చెప్పేవాడు. చంటిపిల్లల్ని ఆమె చేతికి ఇవ్వనిచ్చేవాడు కాదు. నాకు కొడుకు పుట్టినప్పుడు కూడా, అక్క చేతులు చాపితే, "దానికియ్యకుండ్రి" అన్నాడు. అక్క చేతులు కిందికి దించుకుంది. పిల్లవాడు నా ఒడిలోనే ఉన్నాడు, నేను ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. బాపు పోయి ఆరేళ్ళయింది.

దుకాణంలో అక్క చివరికి టేకు పీట ఎంచుకుంది. దాని మీద కూర్చుని మెల్లగా ఊగుతూ పక్కన చోటు చూపించింది. నేను కూర్చోలేదు. "అక్కా, ఆనాడు బాపుతోని అబద్ధం చెప్పిన. నువ్వు ఎక్కుమనలే" అన్నాను.

అక్క ఊగడం ఆపింది. "నాకు చెప్తవేందే? నేను ఆడనే ఉన్న గద" అంది. పీట దిగుతూ, "చెప్తే ఇంటికొచ్చి అవ్వకు చెప్పు" అంది.

అవ్వ అక్క దగ్గరే ఉంటుంది. మేము వెళ్ళేసరికి గడపలో కూర్చుని బెబ్బర కాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"మీ బాపు బతికున్నన్ని రోజులు నోట్లె ఏం వెట్టుకున్నవే?"

అవ్వ అక్క వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పకపోతివి బిడ్డా!"

"చెప్పిన అవ్వా" అంది అక్క. "పిండికట్టు ఏసుకొని మంచంల పడుకోని, ఇది అమ్మమ్మింట్ల ఉన్నన్ని దినాలు దినాం చెప్పిన. చిన్నపోరి మీద పెడ్తున్నవా అని బాపు కొట్టిండు. నువ్వు ఆడనే ఉన్నవు."

అక్క నన్ను కాపాడడానికే నోరు మూసుకుందని, అంటే ఎప్పుడో క్షమించేసిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ నమ్మకం మీదే నిద్రపోయాను. అవ్వ ఒలిచిన గింజలున్న చాట పక్కన పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

వారం తర్వాత ఊయల బిగించారని తెలిసి చేవెళ్ళకు బయలుదేరాను. కనకమామిడి దగ్గర కారు ఆపి చూశాను. మా పెరడు ఉన్నచోట ఎవరిదో ఫాంహౌసు గోడ, గోడ మీద కెమెరాలు. వేపచెట్టు లేదు, బండ లేదు. ఇదీ శ్రావణమే, కానీ ఊళ్ళో ఎక్కడా చెట్టుకు తాడు కట్టిన ఆనవాలు లేదు. గోరింటాకు చేతులతో వంతు కోసం కొట్లాడుకునే ఆడపిల్లలూ లేరు.

అక్క ఇంట్లో కొత్త ఊయల మీద అవ్వా అక్కా పక్కపక్కన కూర్చుని ఉన్నారు. నన్ను చూసి అవ్వ మొహం తిప్పుకుంది. ఆమె నాతో ఇంకా మాట్లాడడం లేదు. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"చాయ్ పొయ్యి మీదున్నది, పోస్కో" అంది అక్క.