చినగని కోటు

ఏ బట్ట తెచ్చి ఇచ్చినా మా చిన్నమ్మ ముందు తొడుక్కుని గులాబి చెట్టులో చెయ్యి పెట్టి చూసేది. వాళ్ల ఊరు కనకమామిడిలో గులాబి తోటల్లో పూలు తెంపే ఆడవాళ్లు ముళ్లు గీరకుండా చీర మీద మగవాళ్ల చొక్కాలు వేసుకుంటారు. ఆమె మాత్రం చనిపోయిన మా చిన్నాయన బస్సు నడిపినన్నాళ్లూ తొడిగిన ఖాకీ కోటు వేసుకునేది. అది వెలిసిపోయి, ముంజేతుల దగ్గర ముళ్లకు చినిగింది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో అచ్చం అలాంటి కోటే షోరూంలో కొన్నాను. కొత్త బట్టనే వెలిసినట్టు చేసి, మోచేతులకు అతుకులు వేసి అమ్ముతున్నారు. మా ఆఫీసులో నిజంగా పాతదైతే ఇంకా ఎక్కువ మోజు.

"చిన్నమ్మా, ఇది తీస్కొని పాతది నాకియ్యి," అన్నాను.

ఆమె నా కోటు తొడుక్కుని చెట్టులో చెయ్యి పెట్టింది. ముల్లు దిగలేదు.

"మంచి గట్టిగున్నది. గానీ మీ చిన్నాయనది ఇయ్యనే ఇయ్య."

"అది చినిగిపోయింది గదా?"

"చినిగితే కుట్టుకుంట. నీది ఈడ వెట్టి పో."

మళ్లీ వెళ్లినప్పుడు నా కోటు నాకిచ్చేసింది. మోచేతుల మీద అతుకులు లేవు. అవి చిన్నాయన కోటు ముంజేతులకు ఎక్కాయి.

"చినగనిదానికి అతుకులెందుకు బిడ్డా?" అంటూ ఆ పాత కోటుకు గుండీలు పెట్టుకుని తోటలోకి నడిచింది.