ఇడ్లీ రేకుల్లో మిరప గింజలు

తేజ మిరప మా వైపు కొత్తగా దిగిన రోజుల మాట ఇది. మార్చి నెలలో ఓ సాయంత్రం మా అన్నయ్య ఎస్‌టీడీ బూత్ నుంచి మా పక్కింటికి ఫోన్ చేశాడు.

"అమ్మ మిరప పోయిందే సుబ్బులూ. వానొచ్చిందని కూలోళ్ళు రెండు కుప్పలూ ఒకే పట్టా కిందికి లాగేశారు. తేజాలో కలిసిపోయింది. నేను మొత్తం అమ్మకానికి మిరప యార్డుకి తోలేద్దామన్నా. మీ వదిన ఒప్పుకోవట్లా. నిన్ను రమ్మంటంది."

అమ్మ మిరప అంటే, మా అమ్మ కాపురానికి వస్తూ తెచ్చుకున్న గింజ. దానికి వేరే పేరు లేదు. ఏటా ఇంటి కారానికని రెండు సాళ్ళు వేసేవాళ్ళు. ఎండిన కాయల్లో మంచివి ఏరి మళ్ళీ విత్తనానికి ఉంచేవాళ్ళు. అమ్మ పోయాక కూడా అన్నయ్య ఆ రెండు సాళ్ళు మానలేదు. ఆ ఏడు పాత గింజంతా వేసేశారు, తోట కూడా పీకేశారు. ఇక ఆ కుప్పలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు.

మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకి పిడుగురాళ్లలో ఎక్కాను. మా ఆయనకి సున్నపు బట్టీలో పని, అందుకే మా కాపురం అక్కడ. బట్టీల పొగ దాటేదాకా కిటికీ మూసుకుని కూర్చోవాలి, ఆ దారిన వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. నరసరావుపేటలో దిగి, స్టాండు బయట ఇడ్లీ తిని, చిలకలూరిపేట బస్సు పట్టుకున్నాను. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఎరుపు మధ్యలో ఎక్కడికక్కడ తెల్లటి మరకలు.

పక్క సీటు పెద్దాయన వాటినే చూస్తున్నాడు. "వానకి అన్నీ తాలైపోయినయ్యమ్మా. రంగు పోయినాక ఏ కాయ ఏదో చెప్పటానికి దాని అమ్మ దిగిరావాలి" అన్నాడు.

నేను బయల్దేరిందే రంగు చూసి ఏరుదామని. రెండు రకాలూ సన్న కాయలే. అమ్మ మిరప ముదురు ఎరుపు, అదొక్కటే నాకు తెలిసిన తేడా.

చిలకలూరిపేటలో ఒంగోలు బస్సెక్కి మార్టూరులో దిగేసరికి పదిన్నర. రాళ్ళు కోసే మిషన్ల రొదలో మనిషి మాట మనిషికి వినపడదు. అక్కణ్ణుంచి ఊళ్ళోకి షేర్ ఆటో. నిండితేగాని కదలదు, చేతిలో అరగంట ఎక్కువ ఉంచుకోండి.

నేను వెళ్ళేసరికి వదిన, అమ్మ కుప్ప ఉన్న వైపు కాయల్ని రెండు చాటల్లోకి ఎత్తిపెట్టింది. అన్నయ్య అరుగు మీద కూర్చుని, "ఏరు మరి. నీ కళ్ళెంత చురుకో చూద్దాం" అన్నాడు.

ఏరాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. అన్నీ ఒకే తీరుగా వెలిసిపోయి, ముడుచుకుపోయి ఉన్నాయి. "నా వల్ల కావట్లేదు వదినా" అన్నాను.

"కళ్ళతో కాదులే. అత్తయ్య సంతలో కాయ కొంటే పెనం మీద వేసి వాసన చూసేది" అని వదిన పొయ్యి వెలిగించింది. నేను ఉత్సాహంగా ఓ కాయ తీసి పెనం మీద పడేశాను. వదిన నా చెయ్యి మీద ఒక్కటి వేసి కాయ లాగేసింది. "గింజ మాడితే ఇంకేం నాటుతావే, నీ మొహం!"

నిజమే. కనిపెట్టాలంటే కాల్చాలి, కాలిస్తే విత్తనం పోతుంది. అందుకని కాయ చీల్చి, గింజలు ఓ పక్కన పెట్టి, తొక్క ముక్క మాత్రం పెనం మీద వేశాం. ఏ కాయ గింజలు ఆ కాయవే ఉండాలి గదా. వదిన ఇడ్లీ రేకులు తెచ్చింది. గుంటకో కాయ.

తేజ ముక్క వేడెక్కీ వేడెక్కక ముందే ఘాటు గొంతు పట్టుకునేది. దగ్గి దగ్గి ఆ గుంట ఖాళీ చేసేవాళ్ళం. రెండు వాయిలయ్యేసరికి మా కళ్ళూ ముక్కులూ ధారలు. గోడ అవతల నుంచి మస్తాన్‌బీ పరిగెత్తుకొచ్చింది.

"ఏందక్కా, వదినా మరదళ్ళు ఇట్టా ఏడుస్తున్నారు? ఎవరు పోయారు?"

"మా అత్త మిరపకాయ పోయిందే. ఎతుకుతున్నాం."

"మీ ముక్కులు చచ్చిపోయుంటయ్. జరగండి, నాది బతికే ఉంది" అని ఆమె పెనం ముందు కూర్చుంది.

ఆమె వేసిన నాలుగో ముక్కో ఐదో ముక్కో, దగ్గు రాలేదు. ముందు పాకం కాగుతున్నట్టు తియ్యటి వాసన ఇల్లంతా పాకింది. ఘాటు ఆ తర్వాతెప్పుడో నెమ్మదిగా వచ్చింది. మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటుంటే, అన్నయ్య అరుగు మీంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇదే" అన్నాడు. గిన్నె అందుకుని ఆ గుంటలో గింజలు తనే అందులో పోశాడు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని కాయలు చీల్చాడు.

చీకటి పడే వేళకి గిన్నె అడుగు కప్పేటన్ని గింజలయ్యాయి. నాకూ కాసిని ఇమ్మని అడుగుదామనుకున్నాను. పంచితే రెండు సాళ్ళకి చాలవు. అడగలేదు. కాలి మిగిలిన అమ్మ మిరప తొక్కల్ని వదిన పారెయ్యకుండా, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో దంచింది. మర్నాడు పొద్దున పెరుగన్నంతో పాటు డబ్బాలో పెట్టి బస్సెక్కించింది.

నరసరావుపేట దాటాక డబ్బా తీశాను. పక్కన కూర్చున్నామె, "ఏం కారమమ్మా, ఇంత కమ్మగా ఉంది?" అంది. వేలి కొసంత పెట్టాను. చప్పరించి, "ఘాటు తక్కువే గానీ, బాగుంది. కాయ ఎక్కడ దొరుకుద్ది?" అని అడిగింది.

అమ్మ పోయాక ఆ ఊరు నా నోట అన్నయ్య వాళ్ళ ఊరనే వచ్చేది.

"బయట దొరకదమ్మా. మా పుట్టింట్లో రెండు సాళ్ళు వేస్తారు" అన్నాను.